రుద్రప్పగారు ఖాళీగా ఉంచిన చోటు

ఎమ్మిగనూరు హార్మోనిస్టు రుద్రప్పగారు కాలధర్మం చెందారన్న వార్త ఆదోనిలో మా బడికి చేరినప్పుడు నేను పాఠం చెబుతున్నాను. చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. పదిహేనేళ్లు ఆయన శ్రుతి మీద నిలబడి రాజు వేషం కట్టినవాణ్ణి. ఆ మాట మనసుకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

ఆయన వృత్తి మగ్గం, ప్రవృత్తి సంగీతం. పగలు మగ్గం తొక్కిన కాళ్లే సాయంకాలం కాలి హార్మోనియం తొక్కేవి. నాదంలో ఎంత మార్దవమో మనిషి అంత మొండి. నటుడు వచనం చెబుతున్నంతసేపు ఆయన వేలు మెట్టు మీద కదిలేది కాదు. రాగం ఎత్తి ఇచ్చి, ఆగి, మన ముఖమే చూస్తూ కూర్చునేవారు.

ఒకసారి ఆదోనిలో నిండు సభలో నేను వచనం మరిచిపోయాను. ఒక్క స్వరం వేసి ఆదుకోవచ్చు కదా, వెయ్యలేదు. ఎలాగో గట్టెక్కి, తెర వెనక కోపంగా నిలదీశాను.

“మాట నీది గదప్పా. నేను దాన్ని కప్పిపెడితే నీకు యాడ గుర్తొస్తాది?” అన్నారు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మద్రాసు గ్రామఫోను కంపెనీ ఒకటి నాటకాల నేపథ్య సంగీతాన్ని ప్లేట్లుగా తేవాలనుకుంది. హార్మోనిస్టు లేని చిన్న సమాజాలకు అవి ఉపకరిస్తాయని వారి ఆలోచన. రుద్రప్పగారికి పిలుపు వచ్చింది. తన వాద్యం ప్లేటుకెక్కాలన్నది ఆయన చిరకాల వాంఛ. నన్ను తోడు రమ్మన్నారు, ఎదురుగా నిలబడితే చాలన్నారు. వస్తానని మాట ఇచ్చాను. తీరా ఆ వారమే బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి, స్టేషనుకు వెళ్లి ఆయన్ను ఒంటరిగా రైలెక్కించాను.

స్టూడియోలో శోకఘట్టానికి ముఖారి రాగం అందుకున్నారట. సగంలో ఆగి, ఎదుటి ఖాళీ నేలను చూస్తూ కూర్చుని, కాసేపటికి మళ్లీ మొదలుపెట్టారట. ప్లేటులో ఖాళీ ఉండకూడదని వారు నచ్చజెప్పారు. మరి రెండుసార్లు వాయించినా అదే చోట ఆగారు. కంపెనీవారు నమూనా ప్లేటు ఒకటి చేతికిచ్చి పంపి, పని వేరొకరికి అప్పగించారు.

ఇంత మొండితనం దేనికని నేనే మందలించాను.

“మొండితనం గాదప్పా. నువ్వు రాజ్యం యిడిసిపోతా మాట్లాడే చోటు అది. నువ్వు మాట్లాడతాంటే నేనెట్ల వాయిస్తా?”

నేను రాలేదన్న మాట ఆనాడూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

పదోరోజున ఎమ్మిగనూరులో మా నాటకసమాజం గదిలో అందరం కూడి ఆ ప్లేటు పెట్టాం. అటువంటి నాదజ్ఞుడు మన సీమలో మళ్లీ దొరకడు; ఆ మహనీయునికి నా మాటతోనే నమస్కరించాలనుకున్నాను. ముఖారి సాగింది, ఆగింది. ముల్లు గీసుకుపోతున్న చప్పుడొక్కటే మిగిలింది. అందరూ నా వైపు తిరిగారు. వచనం ఒక్క అక్షరం మరిచిపోలేదు. గొంతు పెగల్లేదు.

నా మాట అయిపోయిందనుకుని ఆయన మళ్లీ అందుకున్నారు.