అవ్వ పోసిన వావిలాకు నీళ్ళు

కుడి భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి వెనక్కి పోని స్థితికి వచ్చాక, పోయిన నెలలో మా అమ్మాయి నన్ను నరసరావుపేటలో కొత్తగా పెట్టిన నీళ్ళ వైద్యం చోటికి తీసుకెళ్ళింది. డెబ్బై దగ్గర పడుతున్నదాన్ని, ఇప్పుడు నాకు ఈత నేర్పుతారా అని దారి పొడవునా సణుగుతూనే ఉన్నాను. అక్కడ వైద్యం చేసే పిల్ల, మాచర్ల వైపుదట, మా మనవరాలి ఈడుది, కాగితం ముందు పెట్టుకుని బీపీ ఉందా, షుగర్ ఉందా, ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా అని ఒక్కొక్కటే అడిగి, చివరికి కాన్పులెన్ని అంది. రెండని చెప్పాను. పక్కన మా అమ్మాయి కూడా తలూపింది. దానికి తెలిసినవి రెండే మరి, అదీ, వాళ్ళ తమ్ముడూ.

గుండెల దాకా గోరువెచ్చని నీళ్ళున్న పెద్ద తొట్టిలోకి నన్ను మెట్ల మీదుగా మెల్లగా దించి, ఆ పిల్ల ఒక చెయ్యి నా మెడ కిందా ఇంకో చెయ్యి నడుము కిందా పెట్టి వెల్లకిలా తేల్చింది. నాకా భయం, కొయ్యలా బిగుసుకుపోయాను.

"మెడ బిగబట్టమాక మామ్మా. బరువంతా నా చేతి మీద వదిలెయ్" అంది.

ఆ మాట నేను అంతకు ముందు ఒక్కసారే విన్నాను. అది విన్న చోట తొట్టీ లేదు, మెట్లూ లేవు. గురజాల దగ్గర మా పుట్టింటి పెరట్లో నాపరాళ్ళు పరిచిన నీళ్ళ చోటూ, ఒక పీటా, మూడు రాళ్ళ పొయ్యి మీద మసిపట్టిన రాగి కాగూ, అంతే.

మన ఈడు ఆడవాళ్ళకు బాలింత నీళ్ళ గురించి నేను చెప్పేదేముంది? తొలికాన్పుకు పుట్టింటికి వెళ్ళడం, నెలలు నిండకముందే నాన్న నీళ్ళలో వేసి కాచడానికి వాగు గట్టు నుంచి వావిలి రొట్ట కొట్టుకొచ్చి చూరుకు కట్టడం, అమ్మ మిరపకట్టె మోపులు పెరట్లో పేర్చడం, అన్నీ నాకూ జరిగాయి. మా ఊళ్ళో ఎవరు కన్నా నీళ్ళు పోసేది ఒక్కతే, చర్చి వీధి అవ్వ. పొట్టి మనిషి, అరచేతులు మాత్రం చేటలంత ఉండేవి. నోరు కూడా తక్కువదేం కాదు, ఎంత ఆసామి భార్యనైనా పీట మీద కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెట్టకుండా నీళ్ళు పోసేది కాదు.

నాకు ఆడపిల్ల పుట్టింది. మూడు రోజులు బతికింది.

ఆ తర్వాత మా వాళ్ళు చేసిందంతా ప్రేమతోనే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. ఏది కంటపడితే నేను పాపను తలచుకుంటానో అదల్లా మాయం చేశారు. నాన్న చూరుకు కట్టిన వావిలి మోపు దించి దిబ్బలో పారేశాడు. అమ్మ కాగు బోర్లించింది. బిడ్డ లేనప్పుడు బాలింత నీళ్ళెందుకు, పుండు మీద కారం చల్లినట్టు కాదా అని వాళ్ళ లెక్క. పోయిన బిడ్డ ఊసెత్తితే ముందు ముందు పుట్టబోయే వాళ్ళకు మంచిది కాదని ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. మా ఆయన వచ్చి రెండు రోజులు గోడ వైపు చూస్తూ కూర్చుని వెళ్ళిపోయాడు. నేను మామూలు చెంబుడు నీళ్ళు పోసుకుని, పాలు పొంగుతుంటే గుడ్డతో బిగించి కట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరుతుండేదాన్ని. ఏడుపు రాలేదు. నడుము విరిగిపోతున్నా, ఒళ్ళంతా వణుకు పుడుతున్నా, బిడ్డే లేనిదానికి నొప్పేమిటని నాకు నేనే సిగ్గుపడేదాన్ని. అలా ఇంకొన్నాళ్ళు ఉంటే ఏమైపోయేదాన్నో నాకు తెలియదు.

పాప పోయిన ఐదో రోజు పొద్దున్నే అవ్వ పిలవకుండా వచ్చింది. చంకలో పచ్చి వావిలి రొట్ట ఉంది. ఎవరినీ అడక్కుండా కాగు తిప్పి పొయ్యి మీద పెట్టి, మిరపకట్టె విరిచి మంట వేసింది. అమ్మ గడప దగ్గరే నిలబడి, ఎందుకవ్వా మళ్ళీ దానికి గుర్తు చెయ్యడం అంటూ కళ్ళొత్తుకుంది.

"బిడ్డ పోతే బాలింత కాకుండా పోద్దా ఏంది? నొప్పులు పడలా అది? ముందు నీళ్ళు తోడు" అంది అవ్వ.

నన్ను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన నూనె నడుము నుంచి మెడ దాకా రుద్ది, పొగలు కక్కే నీళ్ళకు చన్నీళ్ళు కలిపి, మోచేత్తో వేడి చూసుకుని, నడుము మీద ఎత్తు నుంచి ధారగా పోసింది. వావిలాకు వాసన పెరడంతా కమ్మేసింది. నేను బిగుసుకునే ఉన్నాను. అప్పుడు అవ్వ ఎడమచెయ్యి నా మెడ కింద వేసి, తల తన మోకాలికి ఆనించుకుని, బరువంతా నా చేతి మీద వదిలెయ్ తల్లీ అంది. వదిలేశాను. ఇంకో రెండు చెంబులు పోసి, ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా మనమంతా అడిగే మాటే, నన్ను మాత్రం అప్పటిదాకా ఎవరూ అడగని మాట, మామూలుగా అడిగింది.

"ఎవరి పోలికమ్మా?"

అంతే, నా కడుపులో నుంచి తన్నుకొచ్చింది ఏడుపు. నుదురు మా అమ్మది, పెదవులు మా అత్తగారివి, చెవి వెనక ఒక మచ్చ అని వెక్కుతూ చెబుతూనే ఉన్నాను. అవ్వ ఊఁ కొడుతూ నీళ్ళు పోస్తూనే ఉంది. గడప దగ్గర అమ్మ కూడా ఏడుస్తుండడం తలకు సాంబ్రాణి పొగ వేసేటప్పుడు గాని చూడలేదు.

ఇరవై ఒక్క రోజులు, ఒక్క పూట మానకుండా పోసింది. ఆఖరి రోజు అమ్మ చేటెడు బియ్యం పెడితే తీసుకోకుండా, చీరేదీ అని నిలదీసింది. నీళ్ళు పోసిన ఇంట్లో చీర పెట్టడం ఆనవాయితీ. ఇలాంటప్పుడు కూడా చీరేమిటని అమ్మకు చిర్రెత్తింది. బిడ్డ పుట్టిన ఇల్లా కాదా ఇది అని అవ్వ ఒక్క మాట అడిగేసరికి, అమ్మ లోపలికెళ్ళి పెట్టెలోంచి ఎర్రంచు చీర తెచ్చి చేతుల్లో పెట్టింది. ఆ చీర కట్టుకుని అవ్వ ఊరంతా తిరిగేది. అది చూసినప్పుడల్లా నేనూ ఒక బిడ్డను కన్నానని నాకు ధైర్యంగా ఉండేది.

ఆ తర్వాత అవ్వ పోయింది, అమ్మ పోయింది, నాన్న పోయాడు, మా ఆయనా పోయాడు. పాపను ఎరిగినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను, ఆ నేను కూడా ఎవరడిగినా రెండే అని చెప్పడం నేర్చుకున్నాను.

ఇవన్నీ ఆ తొట్టిలో తేలుతున్న కాసేపట్లోనే నన్ను ముంచెత్తాయి. కళ్ళలో నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి. ఆ పిల్ల ఏమీ అడగలేదు, మెడ కింద చెయ్యి మాత్రం తియ్యలేదు. బట్టలు మార్చుకుని వచ్చాక నేనే, కాగితంలో ఒకటి తప్పు పడిందమ్మా, కాన్పులు మూడు అని చెప్పాను. ఆ పిల్ల తలూపి, రెండు కొట్టేసి మూడు వేసింది. మా అమ్మాయి నోరు తెరిచి నా వంక చూసింది.

ఆటోలో దానికంతా చెప్పాను. వాగు గట్టున ఇప్పుడు వావిలి పొద లేదు, అక్కడ ఇళ్ళు లేచాయి. నీళ్ళు మిషన్ కాస్తోంది, ఒళ్ళు పట్టడం కాలేజీలో నేర్పుతున్నారు, దానికి నేను వంక పెట్టను, ఆ పిల్ల చెయ్యి అవ్వ చెయ్యంత మంచిదే. కాకపోతే అప్పుడు పిలవకుండా వచ్చేవాళ్ళు, ఇప్పుడు మనమే వెతుక్కుంటూ వెళ్ళాలి. వెళ్ళినా, కాగితంలో గడి ఉన్నంత వరకే అడుగుతారు.

మా అమ్మాయి సందు మలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుని, అక్క ఎవరి పోలికమ్మా అని అడిగింది.

అదే నుదురు, అవే పెదవులు, నీ పోలికేనే అన్నాను.