తాలీం తలుపుకు తాళం

ఇబ్రహీంపట్నంలో నేను కుస్తీ తాలీం నడిపినన్నాళ్ళూ ఒక్క పైల్వాన్‌ను కూడా తయారుచేయలేదు. దానికి నాకేం బాధ లేదు. ఆ తాలీం అందుకు పెట్టింది కాదు.

చదువుకొమ్మని మా బాపు పట్నం పంపిస్తే రెండేళ్ళు కుస్తీ నేర్చుకుని తిరిగొచ్చాను. నన్ను ఏదో ఒక పనిలో పెట్టకపోతే పరువు పోతుందని ఆయన ఒక పశువుల కొట్టం ఖాళీ చేసి ఇచ్చాడు. అవి సాయుధ పోరాటపు రోజులు. పదిహేను, పదహారేళ్ళ పిల్లవాడు కర్ర పట్టుకుని వీధిలో కనబడితే ఎవరో ఒకరు వాడికి పని చెప్పేవాళ్ళు. సంఘం వాళ్ళు పిలిస్తే అడవికి పోవాలి, దొర మనుషులు పిలిస్తే ఊరివాళ్ళనే కొట్టాలి. పిల్లలు ఇద్దరికీ దొరకకుండా ఎవరి కళ్ళ ముందైనా ఉండాలని తల్లులు కోరుకున్నారు. ఊళ్ళో పనిలేని కళ్ళు నావే.

కొట్టం మధ్యలో నేల తవ్వి, చెరువు మట్టి పోసి, దాంట్లో పసుపు, మజ్జిగ, మంచినూనె కలిపి కుస్తీ పట్టే గోద తయారుచేశాం. పట్నంలో మా ఉస్తాద్ దగ్గర చూసిన కట్టుబాట్లు రెండు ఇక్కడా పెట్టాను. కర్ర బయట పెట్టి లోపలికి రావాలి. కోపంతో వచ్చినవాడు పార పట్టి గోద మొత్తం తవ్వాలి, తవ్వడం అయ్యాక కడుపులో ఉన్న మాట ఉన్నట్టు చెప్పాలి. గోద మట్టిని ఎలాగూ రోజూ తిరగెయ్యాలి. కోపమున్న పిల్లలు దొరికినన్నాళ్ళు నేను పార ముట్టలేదు.

ఒకరోజు చేపలు పట్టే ఇంటి ఆవిడ పదహారేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. వెట్టిచేపలు ఇవ్వనన్నందుకు దొర జవాను ఆమె భర్తను బండి చక్రానికి కట్టి కొట్టాడు. ఆయన మళ్ళీ వల పట్టలేదు. ఆరు నెలలకు పోయాడు.

“పటేలా, వీడు పొద్దందాక గెడకర్ర పట్టుకొని జవాను ఇంటి ముంగట తిరుగుతుండు. వానికేమన్న చేసి జేలుకు పోతే నాకెవరున్నరు? జర నీ గుంతల ఏసుకో,” అంది.

“గుంత కాదు, గోద.”

“ఏదైతేంది, బయటికి రాకుంటె సాలు.”

నేను పిల్లవాడితో పెద్దమనిషి లెక్క మాట్లాడాను. “ఈడ పటేల్ లేడు, అన్నా అను. జవాను మీదికి చెయ్యి లేసినప్పుడల్ల ఈడికి రా. ఎప్పుడన్న రా. తలుపు తీసే ఉంటది.”

“నిజంగనేనా?”

“నా మాట మీద నమ్మకం లేదా?”

“మాట సంగతి కాదన్నా, తలుపు సంగతి,” అన్నాడు. తలుపుకు గొళ్ళెం కూడా లేదని చూపించాను.

వాడు మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి అంగట్లో జవాను వాణ్ణి చూసి నవ్వాడట. గోద మొత్తం తవ్వి, చెమట తుడుచుకుంటూ, “వాన్ని సంపాలనుండె,” అన్నాడు.

“ఇప్పుడో?”

“ఇప్పుడు ఆకలైతుంది.”

ఈ మాట ఊరంతా చెప్పుకుని తిరిగాను. తవ్వింది వాడు, పేరు నాకు.

ఆ ఎండాకాలం గోదలో కలపడానికి ఇత్తడి చెంబులో పెట్టిన నూనె తగ్గుతున్నట్టు కనబడింది. పిల్లల్ని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దొంగలకు అంతకంటే గుర్తు ఏం కావాలి? తలుపుకు గొళ్ళెం కొట్టించి, తాళంకప్ప తెచ్చి వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. నూనె తీసుకుపోయింది మా అమ్మ అని, మామిడికాయ తొక్కుకు చాలక తీసిందని చాలా రోజులకు తెలిసింది.

“మరి నేనొస్తెనో?” అన్నాడు పిల్లవాడు తాళం చూసి.

“నన్ను పిలువు. నేనేడికి పోత?”

నైజాం పని అయిపోయిందని, మిలిటరీ వచ్చిందని కబురు వచ్చిన రోజు పోయాను. బెజవాడ రోడ్డు మీద లారీలు పోతున్నాయని, పెద్ద అంబర్‌పేట దగ్గర నిలబడితే కనబడతాయని ఎవరో చెబితే సైకిలేసుకుని పోయాను. నేను చేరేసరికి లారీలు వెళ్ళిపోయాయి. బురదలో చక్రాల జాడలున్నాయి. లారీలు ఎంత పెద్దవో అక్కడివాళ్ళు చేతులు చాపి చూపించారు. చూసి, సాయంత్రానికి తిరిగొచ్చాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది.

ఆ పగలు జనం దొర ఇంటి మీదికి పోతుంటే పిల్లవాడు తాలీంకు వచ్చాడు. మా ఇంటికి వెళ్ళి నా కోసం రెండుసార్లు అడిగాడని మా అమ్మ చెప్పింది. తాలీం తలుపు ముందు చాలాసేపు కూర్చున్నాడట. గెడకర్రను కట్టుబాటు ప్రకారం బయట గోడకే ఆనించాడు. లేచిపోయేటప్పుడు తీసుకున్నాడు.

జవాను అప్పటికే ఊరు విడిచి పారిపోయాడు. దొడ్డిలో గొడ్లకు గడ్డి వేస్తున్న అతని తమ్ముడు పిల్లవాడికి దొరికాడు. ఆ తమ్ముడు ఎవరినీ ఒక దెబ్బ కొట్టి ఎరగడు. గెడకర్ర దెబ్బకు కుడి మోచెయ్యి విరిగింది, అతుక్కుంది కానీ మళ్ళీ వంగలేదు. ఎడమ చేత్తో తినడం నేర్చుకున్నాడు. అంగట్లో కనబడితే నాకు దండం పెట్టేవాడు, అదీ ఎడమ చేత్తోనే.

పిల్లవాణ్ణి జైల్లో పెట్టారు. తల్లి వచ్చి తలుపు చూసింది. “గుంతకు తాళమేసుకున్నవా పటేలా?” అంది.

“సర్కారోళ్ళు ఎయ్యమన్నరు,” అన్నాను. మా తాలీం ఒకటుందని సర్కారుకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆమె పోయాక తాళం తీసి చెరువులో పారేశాను. అయితే పిల్లలు రావడం మానేశారు.

రెండేళ్ళకు వాడు తిరిగొచ్చాడు. మీసం వచ్చింది. నేను తాలీంలో ఒక్కణ్ణే ఉన్నాను.

“మంచిగున్నవా పటేలా?” అన్నాడు. అన్న అనలేదు. గొళ్ళెం పట్టుకుని ఊపి చూశాడు. “తాళమెందుకేసినవ్?”

“సర్కారోళ్ళు...”

వాడు మూలనున్న పార తెచ్చి నా చేతికిచ్చాడు. “తవ్వు.”

“నాకు కోపమేం లేదురా.”

“కడుపుల మాటైతె ఉంది గద. తవ్వినంక చెప్పు.”

రెండేళ్ళు ఎవరూ దిగని మట్టి బండలా అయింది. నేను తవ్వుతుంటే వాడు గడప మీద కూర్చుని, మా ఉస్తాద్ కంటే కఠినంగా, “లోతు సాలది,” అంటూ ఉన్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఊపిరి అందాక చెప్పాను.

“నూనె కోసమేసిన. పోరగాళ్ళు ఎత్తుకపోతున్నరనుకున్న.”

“ఎంత నూనె?”

“సేరు గూడ కాదు.”

వాడు నవ్వలేదు, తిట్టలేదు. “రేపు జవాను తమ్ముని ఇంటికి పోత. మాఫ్ చెయ్యమని అడగాలె. నువ్వు గూడ రా.”

“వస్త,” అని పార కింద పెట్టబోయాను.

“ఆ మూల తవ్వలేదు పటేలా,” అన్నాడు.

ఆ మూల కూడా తవ్వాను.