దేవుని చిత్తం

నాచారంలో మా పక్కింటి మామ ఫిట్టరు పని చేసేవాడు. అమెరికా నుంచి వచ్చిన మోర్మన్ క్రైస్తవ సంఘంలో చేరాక ఆయనకు యాజకత్వం, అంటే ప్రార్థన చేసి రొట్టె పంచే అధికారం, ఇచ్చారు. ఆదివారం ఉప్పల్ కూడికలో రొట్టె విరిచే ముందు, గ్రీజు మరకలు పోని తన నల్లటి చేతులను తిప్పి చూసుకుని మురిసిపోయేవాడు.

తొంభైల్లో ఒకరోజు, డెబ్బై ఎనిమిది దాకా ఆ సంఘం నల్లజాతివాళ్లకు యాజకత్వం ఇవ్వలేదని ఎవరో చెప్పారు. మామ నన్ను వెంటబెట్టుకుని సంఘపెద్ద దగ్గరికి వెళ్లాడు.

"ఎందుకియ్యలేదన్నా?"

"దేవుని చిత్తం. మనమేం జెప్తం?"

మామ ఆ తర్వాత కూడికకు వెళ్లడం మానేశాడు. "జవాబు చెప్పిండు గద మామా," అన్నాను.

"మా నాయినను గుడి బయట నిలవెట్టినోళ్లు గూడ గదే జవాబు జెప్పిన్రు బిడ్డా."