మంగమ్మ పేరుతో నేనేసిన చీటీ

మా కారం కంపెనీకి ఈమధ్య అజైల్ అని ఓ ఆఫీసు పద్ధతి వచ్చింది. పొద్దున్నే అందరం నిలబడి మీటింగు పెట్టుకోవాలి. కొత్త ఐడియాలు చీటీల మీద రాసి పెట్టెలో వెయ్యాలి. నచ్చినదాన్ని రెండు వారాలు చేసి చూస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చిన కొత్త మేనేజరు గారి పద్ధతి ఇది.

నా బుద్ధి ఊరుకుంటుందా? మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో మంగమ్మను మించిన వాగుడుకాయ లేదు. పనిలో ఎవరూ మాట్లాడకూడదని ఆవిడ పేరుతో రాసి పెట్టెలో పడేశాను. ఇవాళ మీటింగులో అది చదివితే అందరూ పడీపడీ నవ్వుతారనుకున్నాను. మేనేజరు గారు నవ్వలేదు. "నేను కాదండీ" అని మంగమ్మ మొత్తుకుంటున్నా, సిగ్గుపడుతోందనుకుని చప్పట్లు కొట్టించి, ఇవాళ్టి నుంచే అమలన్నారు.

ముప్పై మంది ఆడవాళ్ళు ఆ ఘాటులో నోరు మూసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర మంగమ్మ పక్కన ఒక్కరూ కూర్చోలేదు. డబ్బా పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"అన్నా, నాకు సంతకమే రాదు గదా, చీటీ ఎట్టా రాస్తాను? ఎవరి చేతో రాయించావులేవే అంటన్నారు. ఆ రాసిన సచ్చినోడెవడో కాస్త కనుక్కో."

"కనుక్కుంటాలే అమ్మా" అన్నాను, ఆ సచ్చినోడు నేనే.

"నువ్వున్నావు గనక ధైర్యం" అంటూ తన దోసకాయ పప్పులో సగం నా అన్నంలో వేసింది.

ఈ పోస్టులో ఒప్పుకుంటున్నానంటే ధైర్యముండి కాదు, మంగమ్మకి చదవడం రాదని. రేపు ఆ ముప్పై మంది ముందు ఎలా నోరు విప్పాలో మీరే చెప్పండి. తిట్టేవాళ్ళు ఇప్పుడే తిట్టండి, రేపటికి కాస్త అలవాటవుతుంది.