అడుగున ఉన్న ఫ్లాపీ

ఆయన పేరు నేను అడగలేదు. ముఖం కూడా ఇప్పుడు సరిగా గుర్తు లేదు. బొటనవేలి గోరు మాత్రం గుర్తుంది.

పాకాల స్టేషన్లో తిరుపతి బండి కోసం కూర్చున్నాం. పక్కనున్న ఆ పెద్దాయన ఒడిలోని స్టీలు టిఫిన్ డబ్బా తెరిచారు. లోపల పాత కంప్యూటర్ ఫ్లాపీలు, ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డలో చుట్టి ఉన్నాయి.

"ఆ ఫోను రవ్వంత అవతల పెట్టుకోప్పా. దాంట్లో అయస్కాంతం ఉంటాది," అన్నారు.

పెట్టుకున్నాను.

"మా ఇంటామె పోయి నాలుగేండ్లాయ. తన సిన్నప్పటి సంగతులన్నీ టైపు చేసి వీటిల్లో దాసి పెట్టింది."

తిరుపతిలో ఒక స్నేహితుడి దగ్గర ఫ్లాపీలు చదివే కంప్యూటర్ ఇంకా పనిచేస్తోందట. అక్కడ వాటిని కొత్తదాంట్లోకి ఎక్కించుకోవాలని వెళ్తున్నారు.

మాట్లాడుతూనే ప్రతి ఫ్లాపీ మూలనున్న చిన్న బిళ్లను గోటితో నొక్కి చూసుకుంటున్నారు. ఎందుకని అడిగాను.

"ఈ బిళ్ల ఇట్లా జరిపితే దీని మీద ఇంకేమీ రాసేకి కాదు. ఒకసారి జరిపేది మర్సిపోయినా. ఇంకో కాపీ తీసి పెట్టుకుందామని కూసుంటే, ఏది ముందు పెట్టాల్నో తికమకపడి, ఖాళీదాన్నే ఆమె రాసిన దాని మీదికి కాపీ చేసేసినా."

అడుగున ఉన్న ఫ్లాపీ తీసి చూపించారు. అతికించిన చీటీ మీద నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు: 'మా అమ్మ'.

"ఇప్పుడు ఇందులో?" అన్నాను.

"ఏమీ లేదప్పా."

బండి వచ్చింది. గుడ్డలో చుట్టే ముందు ఆయన దాని బిళ్లను కూడా గోటితో నొక్కి చూసుకున్నారు.