రాణిగారు లేచి నుంచున్నారు

సినిమాలో మా పనావిడ రాణి, నేను ఆవిడకి తాంబూలం పళ్లెం పట్టుకొచ్చే దాసీని. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నా మొహంలోకి ఓసారి చూసి, తర్వాత పగలబడి నవ్వుతారు. నాకూ నవ్వే వస్తుంది. కాకపోతే నాది సగంలో గొంతుకి అడ్డం పడుతుంది.

విదేశాల నుంచి ఎవరో సినిమావాళ్లు వచ్చారనీ, హనుమాన్ జంక్షన్ దాటాక కాలవ పక్కనున్న పాత జమీందారు బంగళాలో షూటింగనీ, చిన్నాచితకా వేషాలకి ఇక్కడివాళ్లే కావాలనీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అందులో రాణిగారి వేషం కూడా ఉందని చదవగానే నా పేరు పంపేశాను. నేను ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరయ్యాను గానీ, చదువుకునే రోజుల్లో కాలేజీ నాటకాల్లో రాణి అంటే నేనే. కిరీటం అట్టముక్కదే అయినా నడక మాత్రం అసలైనది. మావారు పేపరు దించకుండానే, "వెళ్లు, వెళ్లు. ఇంట్లో ఎలాగూ వేసే వేషమే కదా" అన్నారు.

సెలెక్షన్లు విజయవాడలో ఓ హోటల్లో పెట్టారు. పట్టుచీర కట్టాను. లాకర్లోంచి మా అమ్మ కాసులపేరు తెచ్చి వేసుకున్నాను. జుట్టుకి రంగు సరేసరి. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, మార్చుకోడానికి ఇంకో చీర పెట్టిన సంచీ మోయడానికి మా పనావిడని వెంటబెట్టుకెళ్లాను. మేం గుణదలలో ఫ్లాట్ కొన్ననాటి నుంచీ ఆవిడే మా ఇంట్లో చేస్తోంది. వాళ్లది కొల్లేటి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. మనిషి పొడుగు. చిన్నప్పుడు నెత్తిన తట్టలు మోసిందేమో, వెన్ను నిటారుగా ఉంటుంది. కళ్లు పెద్దవి, ముక్కుకి రాళ్ల బేసరి.

డైరెక్టరు సన్నగా, పొడుగ్గా, మెడలో రుద్రాక్షలతో ఉన్న దొర. నన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన అసిస్టెంటు అమ్మాయితో ఇంగ్లీషులో, "బాగానే ఉంది గానీ ఈవిడలో ఇండియా కనపడటం లేదు" అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదనుకున్నాడు పాపం. అంత ఇండియా పట్టుచీర కట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంటే కనపడటం లేదట. నేను నోరు తెరిచేలోపు ఆయన చూపు నన్ను దాటిపోయి, తలుపు పక్కన సంచీ పట్టుకుని నుంచున్న మా పనావిడ మీద ఆగింది. "ఆమె ఎవరు? ఆ కళ్లలో వెయ్యేళ్ల మౌనం ఉంది" అన్నాడు.

ఆ మౌనం ఎందుకో నాకు తెలుసు. మధ్యాహ్నం కావస్తోంది, డబ్బాలో ఇడ్లీలున్నాయి, నేను తిననిదే ఆవిడ తినదు.

అలా ఆవిడ రాణి అయింది. నాకు దాసీ వేషం రావడానికి కారణం నా ఇంగ్లీషే. డైరెక్టరు చెప్పింది అర్థం చేసుకుని రాణిగారి చెవిలో తెలుగులో వేయడానికి ఎవరో ఒకరు ఆవిడ పక్కనే ఉండాలిగా. ఇన్నేళ్ల సర్వీసులో నా ఇంగ్లీషు నాకు తెచ్చిపెట్టిన ప్రమోషన్లలో ఇదే చివరిది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ ఖాళీ డబ్బా సంచీలో సర్దింది. తర్వాత మెల్లగా అడిగింది. "రాణిగారు కూర్చునే ఉంటారాండీ?"

"సింహాసనం ఉంటుందిగా. కూర్చునే ఉంటుంది."

అంతే, వెంటనే వాళ్లక్కకి ఫోన్ చేసింది. వాళ్లక్క హనుమాన్ జంక్షన్లో రోడ్డు పక్కన చేపలమ్ముతుంది. గొడుగు కింద ఎత్తుపీట వేసుకుని ఆవిడ కూర్చుంటే, కార్లలోంచి దిగినవాళ్లు ఆవిడ ముందు నుంచుని బేరమాడతారు. చెల్లెలు ఇళ్లలో పనికి కుదిరిందని ఆవిడకి మొదట్నుంచీ చులకన. ఫోన్లో ఆవిడ గొంతు నాకూ వినపడింది. "సినిమాలో కూడా చీపురిచ్చి నుంచోబెడతార్లేవే నిన్ను."

"లేదే. సింహాసనం మీద కూర్చుంటా. చూద్దువుగాని" అని మా పనావిడ ఫోన్ పెట్టేసి, నావైపు తిరిగింది. "నాకు ఇంకేం వద్దండీ. నేను దర్జాగా కూర్చుంటే మా అక్క కళ్లారా చూడాల. అది చాలు."

షూటింగు రోజు బంగళా దగ్గర దిగేసరికి నాకు మతిపోయింది. చుట్టూ కళ్లు చల్లబడేంత పచ్చటి వరిచేలు, నిండుగా పారే కాలవ. అవేవీ ఆ దొరకి పనికి రాలేదు. మైలవరం వైపు నుంచి లారీల్లో ఎర్రమట్టి తెప్పించి వాకిలి నిండా పోయించాడు. కెమెరాకి ఏదో పసుపు అద్దం తగిలించారు. టీవీలాంటి దాంట్లో చూస్తే మా జిల్లాకి కామెర్లు వచ్చినట్టుంది. ఏనుగు కావాలన్నారట, దొరక్క బీచిలో పిల్లల్ని ఎక్కించుకు తిప్పే ఒంటెని పట్టుకొచ్చారు. కృష్ణా జిల్లా జమీందారు ఇంటి ముందు ఒంటె. ఒంటె వచ్చిందని ఊరంతా విరగబడింది. విరగబడ్డ ఊరిని చూసి దొర మురిసిపోయి, మహారాజ దర్శనానికి వచ్చిన ప్రజలంటూ వాళ్లనీ సినిమాలోకి తీసేసుకున్నాడు. నేను నవ్వాపుకోలేక కాలవ గట్టు మీదికి పోయి నవ్వి వచ్చాను.

మేకప్పు గదిలో నాకు మొహం నిండా నల్లరంగు పూసి, ముతక చీర కట్టించి, దాసీకి కళ్లజోడేమిటని నా అద్దాలు తీసేసుకున్నారు. అద్దాల్లేకపోతే నాకు మనిషికీ స్తంభానికీ తేడా తెలీదు. నా కాసులపేరు అరువిస్తానని పెద్దమనసుతో అన్నాను. కెమెరాలో అది బంగారంలా లేదని పక్కన పెట్టి, రాణిగారికి గిల్టువి వేశారు. అలంకారమంతా అయ్యాక ఆవిడని చూస్తే, మసకమసగ్గా అయినా సరే, నాకు కడుపు మండింది. నిజంగా రాణిలా ఉంది మరి.

సీను చిన్నదే. సింహాసనం మీద రాణి కూర్చుని ఉంటుంది. దాసి గుమ్మం దాటి పళ్లెంతో వస్తుంది. రాణి అటు చూడకుండానే తాంబూలం అందుకుంటుంది. నేను పళ్లెం పట్టుకుని, స్తంభాలు తప్పించుకుంటూ, గుమ్మంలో అడుగు పెట్టాను.

రాణిగారు లేచి నుంచున్నారు.

కట్ అన్నారు. మళ్లీ వెళ్లాను. మళ్లీ లేచింది. నేను దగ్గరికి పోయి చెవిలో, "లేవకూడదు, నువ్వు రాణివి" అన్నాను. "తెలుసండీ" అంది. మళ్లీ గుమ్మం దాటాను, మళ్లీ లేచింది. "లేవాలని లేవట్లేదండీ. కాళ్లు లేస్తన్నాయి" అంది అసిస్టెంటు అమ్మాయితో, ఏడుపు మొహం పెట్టి. సరే, ఆవిణ్ని గుమ్మానికి వీపు పెట్టి కూర్చోబెట్టారు. నన్ను చూస్తేనే కదా లేచేది అని. నేను పిల్లిలా వచ్చాను. వీపు అలాగే ఉంచి లేచింది. "మీ అడుగు నాకు తెలీదాండీ" అంది. లైట్లు పట్టుకున్న కుర్రాళ్లు నవ్వి నవ్వి లైట్లు ఊగిపోతున్నాయి. నాకూ పళ్లెంలో వక్కలు దొర్లిపోయేంత నవ్వు. రాణిగారొక్కరే నవ్వలేదు. ఇంకొకర్ని పెట్టుకుంటారేమోనని ఆవిడ భయం. వాళ్లక్కకి చెప్పేసింది కదా.

నిజం చెప్పాలంటే, ఆవిడ లేచినప్పుడల్లా నాకు లోపలెక్కడో చిన్న సంతోషం కలిగింది. మొహానికి మసి, ఒంటికి ముతక చీర, చేతిలో పళ్లెం, అయినా అమ్మగారు అమ్మగారే. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం బాగుంది.

చివరికి అసిస్టెంటు అమ్మాయికి వెలిగింది. బట్టలు చూసుకునే పిల్లకి దాసి వేషం వేసి, నన్ను బయటికి పంపేసింది. నేను ఊరుకుంటానా, నా అద్దాలు వెతుక్కుని పెట్టుకుని కిటికీ పక్కన నక్కి చూశాను. ఆ పిల్ల పళ్లెంతో వచ్చింది. రాణిగారు కదల్లేదు. కాలు మీద కాలు వేసుకుని, సింహాసనం చేతి మీద మోచెయ్యి ఆనించి, ఆ పిల్ల వైపు చూడనైనా చూడకుండా, చిటికెన వేలు ఎత్తి మరీ తాంబూలం అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ కుర్చీలాంటి దాంట్లో కూర్చోగా చూడటం నాకు అదే మొదటిసారి. మా ఇంట్లో కుర్చీలకి కొదవ లేదు. కూర్చోవద్దని నేను ఏనాడూ అనలేదు. కూర్చోమనీ అనలేదు. కిటికీ ఊచలు పట్టుకుని అక్కడే నుంచుండిపోయాను. చేసిన తప్పు ఇదీ అని వేలు పెట్టి చూపించడానికి లేదు, అందుకే ఎక్కువ బాధేసింది.

బయటికొస్తూనే ఆవిడ ఫోన్ తీసింది. "కూర్చున్నానే. కాలు మీద కాలు కూడా వేశా."

మర్నాటి నుంచీ నేను సంస్కర్తనైపోయాను. "కూర్చో" అంటూ కుర్చీ లాక్కుని ఇల్లంతా ఆవిడ వెనకాల తిరిగాను. "గిన్నెలున్నాయండీ" అంటుంది. గిన్నెలయ్యాక "తడిబట్టలున్నాయండీ" అంటుంది. ఒకరోజు గట్టిగా, "కూర్చోమంటే కూర్చోవేం?" అన్నాను. భయపడి కుర్చీ అంచున కూర్చుని, నేను అటు తిరగ్గానే లేచింది. అదీ నా ఆర్డరే అయిందని మావారు నవ్వారు. కొన్నాళ్లకి కుర్చీ దాని చోటికి అది పోయింది.

సినిమా ఈమధ్యనే ఆన్‌లైన్‌లో వచ్చింది. మా హాల్లో పెద్ద టీవీలో చూద్దామని అపార్ట్‌మెంట్ ఆడవాళ్లందర్నీ పిలిచాను. జంక్షన్ నుంచి వాళ్లక్క కూడా వచ్చింది. కూర్చోమని ఎవరూ అనకముందే సోఫాలో మధ్యలో కూర్చుని, కాళ్లు పైకి పెట్టుకుంది. మా పనావిడ కోసం ముందు వరసలో ఒక కుర్చీ ప్రత్యేకంగా వేశాను. ఆవిడ దాని వీపు పట్టుకుని, కుర్చీకి కాపలా ఉన్నట్టు నుంచుంది. నేను రిమోట్ పట్టుకుని టీవీ పక్కన నుంచుని, దొరల మాటలకి తెలుగు చెప్తున్నాను. ఒంటె వచ్చింది, చప్పట్లు. కామెర్ల వరిచేలు వచ్చాయి, "ఇది రాజస్థానా?" అని ఎవరో అడిగారు, నవ్వులు.

తర్వాత సింహాసనం వచ్చింది. నేను పళ్లెంతో గుమ్మం దాటాను. రాణిగారు లేచి నుంచున్నారు.

అదే సీను. పనికిరాదని తీసేసిందే పెట్టుకున్నాడు. పైగా వేణువు, తర్వాత హీరో వేషం వేసిన ఇంకో దొర గొంతు. నా నోరు అలవాటు చొప్పున తెలుగులోకి మార్చేసింది. "ఈ నేలమీద రాణి కూడా దాసీ కోసం లేచి నిలబడుతుంది. వీళ్లకి హెచ్చుతగ్గులంటే తెలీదు."

హాలంతా చప్పట్లు. "మన సంస్కృతి గురించి ఎంత గొప్పగా చెప్పాడండీ" అంది కింది ఫ్లాటావిడ, కళ్లు తుడుచుకుంటూ. సీను అయిపోయింది. రాణిగారు మళ్లీ రాలేదు.

వాళ్లక్క ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. "అదేంటే, నుంచునే ఉన్నావు? కూర్చున్నానన్నావుగా."

"కూర్చున్నానే. తీసేశారు."

"ఆఁ. అవున్లే" అంది వాళ్లక్క.

మా పనావిడ నావైపు చూసింది. ఆ బంగళాలో ఆవిడ కూర్చోవడం చూసినవాళ్లు ఈ హాల్లో నేనొక్కదాన్నే. అది చెప్పాలంటే మిగతాది కూడా చెప్పాలి. అపార్ట్‌మెంటంతా నావైపే చూస్తోంది.

"కూర్చుందండీ" అన్నాను వాళ్లక్కతో. "కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. నేను చూశాను. నేను ఆ గదిలో లేనప్పుడు కూర్చుంది. నేను వస్తే లేచింది."

వాళ్లక్క నన్నూ, ఖాళీ కుర్చీనీ, దాని వెనక నుంచున్న చెల్లెల్నీ మార్చి మార్చి చూసింది.

"అట్లయితే మీరు కాసేపు లోపలికెళ్లండమ్మా" అంది. "చూస్తాను."

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. రిమోట్ వాళ్లక్క చేతిలో పెట్టి, అందరికీ టీ పెడతానని వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను. పాలు పొంగేలోపు హాల్లో కుర్చీ కిర్రుమంది. మళ్లీ నవ్వులు, ఈసారి అందులో మా పనావిడ నవ్వు కూడా వినపడింది. ఇన్నేళ్లలో ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు.

టీలు కప్పుల్లో పోసి ట్రేలో సర్దాను. ట్రే రెండు చేతులా పట్టుకుని తలుపు దాకా వచ్చాను. అడుగు చప్పుడు కాకుండానే వచ్చాను. సందులోంచి చూస్తే హాల్లో ఆవిడింకా కూర్చునే ఉంది, ఏదో చెప్తోంది, వాళ్లక్క వింటోంది. నేను తలుపు ఇవతల అలాగే నుంచున్నాను. టీలు చల్లారిపోతున్నాయి.