నెలకోసారి బ్యాటరీ మామ దగ్గరికి

పోయిన శుక్రవారం పొద్దున బ్యాటరీ మామ కూతురు ఫోన్ చేసింది. "నాయన పోయినాడన్నా. జుమ్మా నమాజు అయినాక ఆళ్లగడ్డలోనే మట్టి చేస్తాండాం. బేగా రా" అంది. నేను వెంటనే ఆళ్లగడ్డ బస్సెక్కాను.

ఆయన నాకు చుట్టం కాదు. నంద్యాలలో బనగానపల్లె బస్సులు మలుపు తిరిగే చోట ఆయనకు చిన్న బ్యాటరీ షాపు ఉండేది. ట్రాక్టర్లవి, ఆటోలవి, ఇళ్లలో ఇన్వర్టర్లవి బాగుచేసేవాడు. నేను రిజర్వాయరులో మోటారు పడవ నడిపేవాణ్ణి. ఇంజను స్టార్టు కావాలంటే బ్యాటరీ ఉండాలి కదా, అట్లా పరిచయం. అందరూ మామా అంటే నేనూ మామా అన్నాను.

ఒక ఏడు కార్తీకం వెళ్లిన వారానికి, ఎక్కడో పడవ మునిగి జనం పోయారని అన్ని చోట్లా పడవలు ఆపించారు. తనిఖీ అయి అనుమతి కాగితం చేతికొచ్చేదాకా నీళ్లలో దించకూడదన్నారు. పడవను గట్టు మీదికి లాగి, టార్పాలిన్ కప్పి ఇంటికొచ్చాను. అంతకు కొన్ని నెలల ముందే నా భార్య జబ్బు చేసి పోయింది. ఆమె లేని ఇంట్లో నన్ను పొద్దున్నే లేపింది ఆ పడవ పనే. అదీ ఆగిపోయాక మంచం దిగబుద్ధి కాలేదు. గడ్డం పెరిగింది. వండుకోవడం మానేశాను. పడవను పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దామని కూడా అనుకున్నాను.

ఒకరోజు మామ బస్సెక్కి మా ఊరికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. నా గురించి ఒక్క మాటా అడగలేదు.

"బ్యాటరీ యాడుందప్పా?"

"పడవలోనే ఉంది మామా."

"పడవలోనేనా? ఏందీ పని? పసిబిడ్డను చేన్లో మరిచిపోయొచ్చినట్టుండాది. లెయ్, పోదాం పా."

గట్టు మీద ఆయనే వంగి చూపిస్తూ నా చేత నల్ల వైరు ముందు, ఎర్ర వైరు తర్వాత విప్పించాడు. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొట్టును వంటసోడా నీళ్లతో కడిగించి, తుడిపించి, వేలితో వాజిలీన్ పూశాడు. మూతలు తీసి, తగ్గిన చోట డిస్టిల్ వాటర్ పోశాడు.

"ఇంట్లో పెట్టి మరిచిపోతే కుదరదు. పనిలేకున్నా అది లోపల్లోపలే దిగిపోతా ఉంటాది. నెలకొక తూరి నా దగ్గరికి తీసుకరా, చార్జింగ్ పెడతా."

"చలికి పాడవుతుందా మామా?"

"మన చలికి దానికేం కాదు. ఖాళీగా వదిలేస్తేనే చస్తాది. ప్లేట్లకు తెల్లపొర పట్టినాక నేను గూడా ఏం చెయ్యలేను."

అప్పటి నుంచి నెలకోసారి ఆ బరువును సంచిలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కేవాణ్ణి. మామ రబ్బరు బుడ్డి ఉన్న గాజుగొట్టంలోకి బ్యాటరీ యాసిడ్ లాగి, వెలుతురుకు పట్టి చూసి, "సాయంత్రం దాకా పడతాది, కూర్చో" అనేవాడు. కూర్చునేవాణ్ణి. గోస్పాడు ట్రాక్టరు డ్రైవర్లు, సంజామల ఆటోవాళ్లు వచ్చి పోతుండేవారు. ఎవరైనా బ్యాటరీలో బోరు నీళ్లు పోసి తెచ్చారంటే వాళ్ల పని అయిపోయినట్టే. "నువ్వు తాగే టీలో ఉప్పేస్తే తాగుతావా?" అని కేకలేసేవాడు. ఆ కోపమంతా అయిపోయాక వాళ్లకే టీ తెప్పించేవాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, గోంగూర ఇద్దరం పంచుకునేవాళ్లం. నేను ఇంకో రొట్టె తినేదాకా గిన్నె మూత పెట్టేవాడు కాదు. రెండో నెల వెళ్లేముందు గడ్డం గీసుకున్నాను.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచింది. చేపలకు వెళ్లిన మొగుడూ పెళ్లాల గుండ్రటి బుట్టపడవ, పుట్టి, నడినీళ్లలో బోర్లా పడింది. గట్టు మీద కేకలు విని బయటికి పరుగెత్తాను. ఆ అలల్లో ఇంకో పుట్టి దించే పరిస్థితి లేదు. కాగితం రాలేదన్న సంగతి గుర్తుంది. అయినా ఇంట్లోకి వెళ్లి బ్యాటరీని భుజాన వేసుకున్నాను. దానికి చార్జింగ్ పెట్టించి నాలుగు రోజులే అయింది. ఊరివాళ్లు పడవను నీళ్లలోకి తోశారు. "బిగించేటప్పుడు ఎర్రది ముందు, నల్లది వెనక" అని పైకే అనుకుంటూ వైర్లు బిగించాను. తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

ఇద్దరూ బోర్లాపడిన పుట్టి అంచు పట్టుకుని ఉన్నారు. ఆమె వేళ్లు పట్టు తప్పుతుంటే అతను ఆమె జబ్బను పళ్లతో కొరికి పట్టుకున్నాడు. ఇద్దరినీ పడవలోకి లాగాను. గట్టుకు చేరాక, పడవలు దించకుండా చూసే కాపలా ఉద్యోగి నా వైపు చూసి, తన పైచొక్కా విప్పి ఆమెకు కప్పాడు. కాగితం మాట ఎత్తలేదు.

మరునాడు నంద్యాల వెళ్లి మామకు అంతా చెప్పాను. చేతిలో పని ఆపేసి విన్నాడు.

"ఇద్దరూ బాగుండారా?"

"బాగున్నారు మామా."

చాలాసేపు కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత "వచ్చినాక దాన్ని మళ్లీ పడవలోనే వదిలేసినావా?" అని గద్దించాడు. భార్య పోయాక నేను నవ్వడం అదే మొదలు.

ఎండాకాలానికి కాగితం వచ్చింది. పడవ ఇంకా చాలా ఏళ్లు నడిపాను. మోకాళ్లు నొప్పి పెట్టి మామ షాపు మూసి, ఆళ్లగడ్డలో కూతురింటికి చేరాడు. వీలైనప్పుడల్లా వెళ్లి చూసి వచ్చేవాణ్ణి.

శుక్రవారం మట్టి చేసి వచ్చాక ఆ ఇంటి వసారాలో కూర్చున్నాను. ఆయన కూతురు నీళ్లిచ్చి పక్కన కూర్చుంది.

"ఒకటి చెప్పాలన్నా. నెలనెలా తెచ్చే బ్యాటరీకి రెండు గంటల చార్జింగ్ చాలు గదా. 'అన్నను సాయంత్రం దాకా ఎందుకు కూర్చోబెడతావు' అని నేనొక దినం నాయన్ను అడిగినా."

"ఏమన్నాడు?"

"'బేగా పంపిస్తే ఇంటికి పోయి మళ్లీ పడుకుంటాడమ్మా' అన్యాడు."

ఇన్నేళ్లలో ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. తలెత్తి పెరట్లోకి చూశాను. తీగ మీద షాపు నాటి ఆయన చొక్కాలు రెండు ఆరుతున్నాయి. యాసిడ్ చుక్కలు పడి పొట్ట దగ్గరంతా జల్లెడలా చిల్లులు పడ్డాయి. పొద్దు వాలుతోంది. ఆ చిల్లుల్లోంచి వచ్చిన వెలుతురు ఎదురుగోడ మీద చిన్న చిన్న చుక్కలుగా పడి, గాలి వచ్చినప్పుడల్లా కదులుతోంది.